రెవరెండ్ థామస్ బేయిస్ గారి జీవితము

ధ్యానించుటకు: అపొస్తలుల కార్యములు 9:26-28



కొంతకాలము క్రిందట మా సంఘమందలి ఒక విద్యార్థి సెలవులకు ఇల్లు చేరి, తాను కళాశాలలో యంత్రములకు నేర్పు విద్యను చదువుచున్నానని మాతో చెప్పెను. యంత్రము నేర్చుకొనుట యేమి, పలక బలపము పట్టి బడికి పోవునా యని మేము నవ్వితిమి. ఆ బాలుడు మాతో కూడ నవ్వలేదు. తన పుస్తకమును తెచ్చి, మొదటి అధ్యాయమందు ఒక పేరును మాకు చూపెను. ఆ పేరు గలవాడు గొప్ప యంత్రశాలకు అధిపతి కాడు. 260 సంవత్సరములకు పైగా గడచిన కాలమున ఇంగ్లండులో ఒక చిన్న పట్టణమున వాక్యము బోధించి, సమాధి చేయబడిన సంఘకాపరి. అది చూచి మా నవ్వు ఆగిపోయెను. ఆయన చరిత్రను వెదకి చదివి, తెలిసికొన్న దానిని మీ యెదుట ఉంచుచున్నాము.

థామస్ బేయిస్ గారు సుమారు 1701వ సంవత్సరమున జన్మించిరి. వారి పూర్వులు షెఫీల్డు పట్టణమున కత్తులు చేయు వృత్తిలోనివారు. తండ్రి జాషువా బేయిస్ గారు లండను నగరములో కాపరి. ఆ దినములలో రాజ్యసంఘమునకు వెలుపలనున్న క్రైస్తవులకు ఇంగ్లండులో మార్గము సుగమము కాదు. 1662లో చేయబడిన చట్టము ననుసరించి, రాజ్యసంఘపు ప్రార్థనా పుస్తకమును పూర్తిగా అంగీకరింపని సుమారు 2000 మంది బోధకులు తమ సంఘములను కోల్పోయిరి. 1689లో వచ్చిన మరియొక చట్టము వలన వారికి కొంత ఊరట కలిగెను. అటుపిమ్మట 1694లో లండనులో బహిరంగముగా అభిషేకము పొందిన కొద్దిమందిలో జాషువా గారు ఒకరు. అట్టి ఇంట, ఏడుగురు పిల్లలలో పెద్దవాడుగా థామస్ పెరిగెను.

పిల్లవాడు తెలివిగలవాడైనను ఆక్స్‌ఫర్డు తలుపు వానికి మూయబడియుండెను. అచ్చట చేరవలెనన్న రాజ్యసంఘపు విశ్వాస ప్రమాణములకు సంతకము చేయవలెను. కేంబ్రిడ్జిలో చదివినను అట్టి అంగీకారము లేక పట్టము దొరకదు. కాబట్టి 1719లో థామస్ ఉత్తరమునకు, స్కాట్లండు దేశపు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమునకు వెళ్లెను. అక్కడ తర్కశాస్త్రమును, వేదాంతశాస్త్రమును అభ్యసించెను. తిరిగివచ్చి కొంతకాలము తండ్రికి పరిచర్యలో తోడుగా నుండెను. 1734 నాటికి లండనుకు ఆగ్నేయముగా కెంటు మండలములోనున్న టన్‌బ్రిడ్జ్ వెల్స్ పట్టణమునకు చేరి, మౌంట్ సయన్ అను ప్రెస్బిటేరియన్ మందిరమునకు కాపరి ఆయెను. ఆ పట్టణమున ఇనుము కలిసిన నీటి ఊట కలదు. ఆ నీరు త్రాగి ఆరోగ్యము పొందవలెనని ధనవంతులు వేసవిలో అచ్చటికి వచ్చుచుండిరి. అట్టి రాకపోకల నడుమ బేయిస్ గారు వివాహము చేసికొనక, నెమ్మదిగా తమ సంఘమును కాయుచు వచ్చిరి.

తమ జీవితకాలమున ఆయన ప్రకటించినవి రెండే పుస్తకములు. రెంటిమీదను తన పేరు వేసికొనలేదు. 1731లో వచ్చినది దేవుని దయను గూర్చినది. సృష్టిని నడిపించుటలో దేవుని ముఖ్యోద్దేశము తన జీవుల సుఖమేయని దానిలో వాదించెను. 1736లో వచ్చినది గణితమును గూర్చినది. అంతకు రెండేండ్ల ముందు బార్క్లీ అను బిషపు, న్యూటను మహాశయుని కలనగణితపు పునాదులు అస్పష్టములని, మతమందలి మర్మములను నిందించు గణితజ్ఞులు తామే మర్మములను నమ్ముచున్నారని ఒక గ్రంథము వ్రాసియుండెను. కాపరియైన బేయిస్ బిషపు పక్షమున చేరలేదు. మతవాదమును ప్రక్కన పెట్టి, గణితము గణితముగా నిలుచునా లేదా యని మాత్రమే విచారించి, న్యూటను పద్ధతికి సమర్థనము వ్రాసెను. దేవుని పక్షమున మాటలాడువాడు లెక్కలో తప్పు చెప్పినయెడల, ఆ తప్పు వలన దేవునికి మహిమ కలుగదుగదా! 1742లో లండనులోని రాయల్ సొసైటీ ఆయనను తన సభ్యునిగా ఎన్నుకొనెను.

ఇక ఆయన పేరు నిలిపిన విషయమునకు వచ్చెదము. ఆ కాలపు పండితులు సంభావ్యతను గూర్చి, అనగా ఒక సంగతి జరుగుటకు ఎంత అవకాశమున్నదో లెక్కించుటను గూర్చి, చాల పరిశ్రమ చేసిరి. సంచిలో 10 తెల్లగోలీలు, 20 నల్లగోలీలు ఉన్నవని ముందే తెలిసినయెడల, చేయి పెట్టి తీసినది తెల్లది యగుటకు మూడింట ఒక వంతు అవకాశము కలదని వారు చెప్పగలరు. ఫ్రాన్సులో హింస పడి లండనుకు పారిపోయివచ్చిన ప్రొటెస్టంటు డి మువావ్ర్ గారు 1718లో ఈ విద్యను గూర్చి గొప్ప గ్రంథము ప్రకటించిరి. అయితే మన జీవితములో సంచి విప్పి చూచు భాగ్యము మనకు లేదు. చేతికి వచ్చిన గోలీలు మాత్రమే కనబడును. వాటినిబట్టి లోపల ఏమున్నదో ఊహింపవలెను. బేయిస్ గారు ఈ తలక్రిందుల ప్రశ్నను పట్టుకొనిరి. ఫలితమును చూచి కారణమును ఎంత నిశ్చయముగా చెప్పవచ్చును?

దీనికి ఆయన చూపిన ఉపమానము చిన్నది. చదునైన బల్లయొకటి ఉన్నదనుకొనుడి. దానిమీద ఒక బంతి విసరబడి ఎక్కడనో నిలిచెను. మీరు ఆ వైపు చూడకూడదు. తరువాత రెండవ బంతిని మరల మరల విసరుచు, అది మొదటి బంతికి కుడివైపున పడెనా ఎడమవైపున పడెనా యని మాత్రమే మీతో చెప్పుదురు. ఒకసారి ఎడమవైపున పడినదన్న, మొదటి బంతి కుడి అంచునకు కొంచెము దగ్గరగా ఉన్నదేమోయని తోచును. పదిమార్లలో తొమ్మిదిమార్లు ఎడమననే పడినయెడల ఆ తలంపు గట్టిపడును. నూరుమార్లు విసరినయెడల బంతియున్న చోటు ఇంచుమించుగా తెలియును. మీ ఊహ క్రమక్రమముగా ఇరుకగును గాని, కండ్లతో చూచినంత సంపూర్ణ నిశ్చయము ఎన్నటికిని కాదు. ఎంత నిశ్చయము కలిగినదో అంతను మాత్రము లెక్కగట్టి చెప్పవచ్చును.

ఇంత చేసియు బేయిస్ గారు దానిని అచ్చు వేయింపలేదు. 1752లో పరిచర్య విరమించి, ఆ పట్టణమందే నివసించి, 1761 ఏప్రిలులో ప్రభువునందు నిద్రించిరి. లండనులోని బన్‌హిల్ ఫీల్డ్స్ శ్మశానములో ఆయన దేహము ఉంచబడెను. యాత్రికుని ప్రయాణమును వ్రాసిన జాన్ బనియన్ గారును, కీర్తనకారుడైన ఐజక్ వాట్స్ గారును, వెస్లీ సహోదరుల తల్లి సుసన్నా గారును ఆ నేలలోనే నిద్రించుచున్నారు.

ఆయన వీలునామాలో రిచర్డ్ ప్రైస్ గారికిని, మరియొక బోధకునికిని పంచుకొనునట్లు కొంత ధనము వ్రాయబడియుండెను. ప్రైస్ గారు వేల్స్ దేశస్థుడు, లండను దగ్గర న్యూయింగ్‌టన్ గ్రీన్ అను చోట కాపరి. బేయిస్ గారి బంధువులు మృతుని కాగితములను పరిశీలించుమని ఆయనను కోరిరి. చనిపోయిన బోధకుని కాగితములనగా ఏమని తలంతుము? పాత ప్రసంగములు, లెక్కలు, చిత్తుప్రతులు. తీసి కట్టకట్టి అటకమీద వేయుట సులభము. ప్రైస్ గారు అట్లు చేయలేదు. ఒక వ్యాసము ఆయన కంటబడెను. దానిని చదివి, సవరించి, ఒక ముందుమాటయు కొంత అనుబంధమును చేర్చి, 1763 నవంబరులో స్నేహితుడైన జాన్ కాంటన్ గారికి పంపిరి. ఆ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన అది రాయల్ సొసైటీ యెదుట చదువబడెను. సృష్టిలోని క్రమమును చూచి సృష్టికర్తను గుర్తించు వాదమునకు ఇది బలము చేకూర్చునని ప్రైస్ గారి ఆశ. 1767లో ప్రకటించిన గ్రంథములో, అద్భుతములను గూర్చి హ్యూమ్ అను తత్త్వవేత్త చేసిన ఆక్షేపణకు జవాబు చెప్పుటలోను ఈ లెక్కను వాడిరి.

ఫ్రాన్సులో లాప్లాస్ అను మహా గణితజ్ఞుడు బేయిస్ పేరెరుగకయే 1774లో ఇదే త్రోవను కనుగొని, తరువాతి సంవత్సరములలో దానిని ఇప్పుడు బడులలో నేర్పు సూత్రముగా తీర్చిదిద్దెను. అయినను సూత్రమునకు బేయిస్ పేరే నిలిచినది.

ఆ సూత్రమును మన పల్లెటూరి మాటలలో చెప్పుటకు ప్రయత్నింతుము. ఇది ఉపమానమే గాని జరిగిన సంగతి కాదు. ఒక ఊరిలో 1000 మంది ఉన్నారనుకొనుడి. వారిలో 10 మందికి ఒక వ్యాధి కలదు. దానికొక పరీక్ష యున్నది. వ్యాధిగలవారు పదిమందిలో తొమ్మండుగురిని అది పట్టుకొనును. వ్యాధి లేనివారిలోను పదిమందికి ఒకనిని పొరబాటున రోగియని చూపును. ఇప్పుడు ఒకనిని ఈ పరీక్ష రోగియని చూపినది. వానికి నిజముగా వ్యాధి యున్నదా? పదింట తొమ్మిది వంతులు ఉన్నదని మనలో చాలమంది చెప్పుదుము. లెక్క చూడుడి. వ్యాధిగల 10 మందిలో 9 మంది దొరికిరి. వ్యాధి లేని 990 మందిలో 99 మంది పొరబాటున చేరిరి. మొత్తము 108 మంది. వారిలో నిజమైన రోగులు 9 మందియే. అనగా పన్నెండుగురిలో ఒక్కడు! అయితే అంతటితో పరీక్ష వ్యర్థమని త్రోసివేయరాదు. మొదట నూరుగురిలో ఒక్కడని యున్న అనుమానము పన్నెండుగురిలో ఒక్కడను స్థితికి పెరిగినది. మొదటి దానితో సంబంధము లేని అట్టి పరీక్షయే రెండవమారు కూడ రోగియని చూపినయెడల, అది నూటికి 45 వంతులగును. మూడవమారును అట్లే చూపినయెడల నూటికి 88 వంతులగును. ముందున్న అభిప్రాయమును విడువకుండ, క్రొత్త సాక్ష్యమును త్రోసివేయకుండ, దాని బరువు ఎంతయో అంతయే తూచి కలుపుట, ఇదియే బేయిస్ మార్గము.

యంత్రములు నేర్చుకొనుటకు ఇది ఎట్లు ఉపకరించెను? రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇంగ్లండులో అలన్ ట్యూరింగు గారు జర్మను నౌకాదళపు రహస్యలిపిని ఛేదించుటకు సాక్ష్యముల బరువును ఇట్లే కూడుచు వచ్చిరి. 1961లో మారన్ అను అమెరికా పరిశోధకుడు, వ్యాసముల సంగ్రహములను వాటిలోని మాటలనుబట్టి విషయములవారీగా వేరుచేయు పనిని ఈ సూత్రముతో కంప్యూటరునకు అప్పగించి చూచెను. 1998లో కొందరు పరిశోధకులు, ఈ-మెయిలు పెట్టెలలోనికి వచ్చిపడు పనికిమాలిన ప్రకటనలను ఏరివేయుటకు దీనినే వాడవచ్చునని చూపిరి. ఒక్కొక్క మాటయు ఒక సాక్షి. లాటరీ అను మాట మోసపు ఉత్తరములలో ఎంత తరచుగా వచ్చును, మంచి ఉత్తరములలో ఎంత తరచుగా వచ్చును అని యంత్రము పాత ఉత్తరములను చూచి లెక్కించుకొనును. క్రొత్త ఉత్తరము రాగా సాక్షులందరి మాటను కూడి తీర్పు చెప్పును. తరువాత మనము దాని తీర్పును సవరించినయెడల ఆ సవరణనుండియు నేర్చుకొనును. 1988లో జుడియా పెర్ల్ గారు ప్రకటించిన గ్రంథము, ఒకదానితో ఒకటి ముడిపడిన అనేక కారణములను యంత్రము ఇట్లు విచారించు విధమును స్థిరపరచెను. 2011వ సంవత్సరపు ట్యూరింగు బహుమానము ఆయనకు లభించెను.

పండితులు యంత్రములు చేయుటతో ఆగక, నేర్చుకొనుట అనగా నేమియని మూలమునకు దిగి విచారించిరి. ఎన్ని ఉదాహరణములు చూచినయెడల నేర్చినది నమ్మదగినదగునని 1984లో వేలియంట్ గారు లెక్కగట్టు త్రోవ చూపిరి. ఏ పూర్వాభిప్రాయమును లేక నేర్చుకొనువాడు అన్ని విధములైన ప్రశ్నలను కలిపి చూచినయెడల గ్రుడ్డిగా ఊహించువానికంటె మేలు కాడని 1996లో వోల్పర్ట్ గారు గణితముతో నిరూపించిరి. కాబట్టి పూర్వాభిప్రాయము ఉండుట దోషము కాదు. దానిని మార్చుకొనకుండుటయే దోషము.

ఈ లెక్క మనుష్యుల కన్నీటికి ఎంత దగ్గరగా వచ్చినదో ఒక్క సంగతి చెప్పెదము. 2009 జూన్ 1వ తేదీన రియో నగరమునుండి పారిస్‌కు పోవుచున్న విమానము అట్లాంటిక్ సముద్రములో పడి 228 మంది మరణించిరి. మునిగిన విమానపు పెట్టెలనుండి వచ్చు ధ్వనిని ఓడలు వెదకినవి, ఏమియు వినబడలేదు. వినబడలేదు గనుక అచ్చట విమానము లేదని తలంచి, దూరస్థలములలో వెదకిరి. రెండేండ్లు గడచినవి. అప్పుడు కొందరు గణితజ్ఞులు బేయిస్ మార్గమున మరల లెక్కవేసి, ధ్వని చేయు పరికరములే చెడిపోయియుండవచ్చునను సంభావ్యతను కూడ చేర్చిరి. లెక్క వారిని మొదట విడిచిపెట్టిన చోటికే త్రిప్పి పంపెను. 2011 ఏప్రిలులో, వారము దినములు వెదకునంతలో, సముద్రపు అడుగున విమానపు శకలములు కనబడెను. నిశ్శబ్దమునకు రెండు అర్థములుండవచ్చునని తలంచుటయే ఆ భేదమునకు కారణము.

ఇది చదివినప్పుడు మాకొక పాత సంగతి జ్ఞాపకము వచ్చి మనస్సు నొచ్చుకొనెను. మా సంఘములో ఒక యౌవనస్థుడు వరుసగా కొన్ని ఆదివారములు ఆరాధనకు రాలేదు. వాడు చెడు స్నేహములలో పడెనని ఒకరు చెప్పగా మేము నమ్మితిమి. రాకపోవుటయే సాక్ష్యమనుకొంటిమి. తరువాత తెలిసినదేమనగా, తండ్రి చేసిన అప్పు తీర్చుటకు వాడు రాత్రికాపలా పనిలో చేరి, తెల్లవారిన పిమ్మట ఇల్లు చేరి సొమ్మసిల్లి నిద్రించుచుండెను. చెడిపోయినవాడును మందిరమునకు రాడు, అలసిపోయినవాడును రాడు. ఒకే గురుతు రెండు కారణములకును సరిపోవుచుండగా, అది మా అనుమానమునకు ఏమి బలము చేర్చును? రెండు వీధులు నడచి వెళ్లి అడిగియుండవలసినది. అడుగలేదు.

బేయిస్ సూత్రములో గంభీరమైన హెచ్చరిక యొకటి దాగియున్నది. ముందున్న అభిప్రాయమునకు బొత్తిగా సున్న వేసినవానికి ఎన్ని సాక్ష్యములు వచ్చినను సున్నయే మిగులును, ఏలయనగా సున్నను దేనితో హెచ్చవేసినను సున్నయేగదా. ఒకడు ఎన్నటికిని మంచివాడు కాలేడని తీర్మానించుకొన్న హృదయమును మార్చగల రుజువు లోకములో లేదు. యంత్రమైనను నరుడైనను అంతటితో నేర్చుకొనుట ముగిసినది. 1650లో క్రామ్‌వెల్ సేనాధిపతి స్కాట్లండు సంఘపు మహాసభకు ఉత్తరము వ్రాసి, వారు పొరబడియుండవచ్చునేమో ఆలోచింపుడని క్రీస్తు పేరట వేడుకొనెను. దానినిబట్టి డెనిస్ లిండ్లీ అను గణాంకశాస్త్రజ్ఞుడు ఈ హెచ్చరికకు క్రామ్‌వెల్ నియమమని పేరు పెట్టిరి.

యెరూషలేములోని శిష్యులను జ్ఞాపకము చేసికొనుడి. సౌలు వారియొద్దకు వచ్చినప్పుడు వారు భయపడిరి. ఆ భయము అన్యాయమైనది కాదు, అతడు చేసిన హింస అందరును ఎరిగినదే. అయితే బర్నబా అతనిని చేరదీసి, మార్గములో జరిగినదానిని, దమస్కులో అతడు ధైర్యముగా బోధించినదానిని సాక్ష్యముగా వారి యెదుట ఉంచెను. వారు విని తమ తలంపును మార్చుకొనిరి. వారు సున్న వేసియుండినయెడల ఏమయ్యెడిది? బర్నబా ఆ రెండు అడుగులు నడువకుండినయెడల ఏమయ్యెడిది?

బేయిస్ గారి సమాధి కాలక్రమమున శిథిలము కాగా, 1969లో ప్రపంచమందలి గణాంకశాస్త్రజ్ఞులు చందాలు వేసికొని దానిని బాగుచేయించిరి. ఆయనదని నిశ్చయముగా చెప్పదగిన చిత్రపటమొక్కటియు లేదు. ముఖము నిలువలేదు, పని నిలిచినది. ఆ పనియు, ఒక స్నేహితుడు ఓపికతో కాగితములు విప్పి చదివినందున నిలిచినది. మన విద్యార్థి తిరిగి కళాశాలకు పోవునప్పుడు మేము ప్రార్థించి పంపితిమి. యంత్రములకు నేర్పునప్పుడు అన్యాయపు ఉదాహరణములు పెట్టినయెడల అవి అన్యాయమునే నేర్చుకొనునని ఆ బాలుడే మాతో చెప్పెను. అది మన ఇండ్లలోని పిల్లలను గూర్చియు నిజమే.

ప్రియులారా, ఈ మాసమున మీరు ఎవరిని గూర్చియైనను తీర్పు ముగించియున్నయెడల, ఆ తీర్పును మరల తెరచి చూడుడి. వారి ఇంటికి వెళ్లి అడుగుడి. మేమును ఆ యౌవనస్థుని ఇంటికి, ఆలస్యముగానైనను, వెళ్లితిమి. వాని తల్లి మాకు పీట వేసి మంచినీళ్లిచ్చెను.